పట్టాల మీద సొంత బండి: రైల్వే మోటార్ కార్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒహాయోలో మా గ్యారేజీలో కారు పక్కన పసుపు రంగు వేసిన చిన్న బండి ఒకటి ఉంటుంది. ఇంటికి వచ్చిన తెలుగువాళ్లు చాలామంది దాన్ని గడ్డి కోసే మెషిన్ అనుకుంటారు. వంగి చక్రాలు చూశాక, "ఇది రైలు చక్రం కదండీ!" అంటారు. అక్కడి నుంచి కాఫీ చల్లారిపోయేదాకా ప్రశ్నలే. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువమంది అడిగినవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అసలు ఇదేం బండి?

పట్టాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి, మరమ్మతు చేసే మనుషులనీ పనిముట్లనీ తీసుకెళ్లడానికి అమెరికా, కెనడా రైల్వేలు వాడిన చిన్న పెట్రోలు బండి ఇది. నాలుగు ఇనుప చక్రాలు, మధ్యలో ఇంజన్, దానికి అటూ ఇటూ మనుషులు కూర్చునే చోటు, ముందు అద్దం, పైన రేకు కప్పు ఉంటాయి. కొన్నిటికి ఆ కప్పు కూడా ఉండదు. స్టీరింగ్ ఉండదు, ఎటు పోవాలో పట్టాలే చెబుతాయి. దీన్ని రైల్వే కాగితాల్లో మోటార్ కార్ అంటారు. నడిపేవాళ్లలో చాలామంది స్పీడర్ అంటారు. ఒంటి సిలిండర్ ఇంజన్ చేసే చప్పుడును బట్టి 'పుట్-పుట్' అనే ముద్దుపేరు కూడా వచ్చింది.

మన ఊళ్లో మనుషులు తోసుకుంటూ పోయే ట్రాలీ, ఇదీ ఒకటేనా?

రెండూ చేసే పని ఒకటే. మన పుష్ ట్రాలీకి మాత్రం ఇంజన్ ఉండదు, మనుషులే తోస్తారు. ఈ ప్రశ్న ఎవరు అడిగినా నాకు సంతోషం, ఎందుకంటే మా నాన్న ట్రాలీమ్యాన్. డోర్నకల్ నుంచి కారేపల్లి వైపు బొగ్గు రైళ్లు నడిచే లైను మీద చాలా ఏళ్లు ట్రాలీ తోశారు. పీడబ్ల్యూఐ గారు (పట్టాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్) పెద్ద గొడుగు కింద బల్ల మీద కూర్చుని పట్టాల వంకే చూస్తుంటారు. వెనక ఇద్దరు ట్రాలీమ్యాన్లు చెరో పట్టా మీద పరుగెత్తుతూ తోస్తారు. కంకర మీద కాదు, స్లీపర్ల మీద కాదు, సరిగ్గా పట్టా తల మీద. ఆ ఇనుము వెడల్పు అరచేయంత కూడా ఉండదు. వేగం అందుకున్నాక ఒక్క ఊపున ఎగిరి వెనక కూర్చుంటారు. వేగం తగ్గగానే మళ్లీ దిగి పరుగు. ఎండాకాలం ఆ పట్టా ఎంత కాలుతుందో చెప్పక్కర్లేదు.

మన రైల్వే నిబంధనల్లో ఒక మంచి నిర్వచనం ఉంది. నలుగురు మనుషులు కలిసి పట్టాల మీద నుంచి ఎత్తి పక్కన పెట్టగలిగితే అది ట్రాలీ, అంతకన్నా బరువైతే లారీ (రోడ్డు లారీ కాదు, పట్టాల మీద పోయేదే). రైలు వస్తుందంటే బండిని ఎత్తి పక్కన పెట్టాల్సిందే కాబట్టి, నలుగురు ఎత్తగలరా లేదా అన్నదే అసలు లెక్క. అమెరికా బండ్లలోనూ ఇదే సూత్రం కనిపిస్తుంది. వాటి చివర్లలో లోపలి నుంచి బయటికి లాగే పిడులు ఉంటాయి, అవి పట్టుకుని ఎత్తి లైను దాటించడానికే. లైను పక్కన మన దగ్గర ట్రాలీ రెఫ్యూజ్ అనే చిన్న అరుగులు ఉంటాయి కదా, అమెరికాలో కూడా బండిని లాగి పెట్టుకోడానికి చెక్కలతో కట్టిన అలాంటి చోట్లు ఉండేవి.

మొదట ఎవరు తయారు చేశారు?

ఇంజన్ రాకముందు చేత్తో లాగి నడిపే, తోసే బండ్లు ఉండేవి. మిషిగన్ రాష్ట్రంలో త్రీ రివర్స్ అనే ఊరి దగ్గర జార్జ్ షెఫీల్డ్ అనే ఆయన 1870ల చివర్లో మూడు చక్రాల బండి ఒకటి తయారు చేసుకున్నాడు. ఊరికీ పొలానికీ మధ్య పట్టాల మీద తిరగడానికి సొంతంగా చేసుకున్నది అది. రైల్వేవాళ్లకి చెప్పకుండానే నడిపేవాడనీ, ఒక రాత్రి విరిగిన పట్టా కనిపించి రైలును ఆపాడనీ, దాంతో రహస్యం బయటపడిందనీ చెప్పుకుంటారు. 1879లో పేటెంట్ వచ్చింది, తర్వాత అదొక పరిశ్రమే అయింది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పెట్రోలు ఇంజన్ వచ్చి చేరింది. మిన్నెసోటాలోని ఫెయిర్‌మాంట్ అనే చిన్న ఊళ్లో 1909లో మొదలైన ఫెయిర్‌మాంట్ కంపెనీ ఈ రంగంలో అందరికన్నా పెద్దది. ఇవాళ హాబీవాళ్ల దగ్గరున్న బండ్లలో ఎక్కువ భాగం వాళ్లవే. కెనడాలో ఉడింగ్స్, సిల్వెస్టర్ పేర్లు వినిపిస్తాయి. బ్రిటన్‌లో అయితే వేర్ అనే ఊరి వికమ్ కంపెనీ.

అంత బాగుంటే రైల్వేలు ఎందుకు వదిలేశాయి?

రోడ్డు మీదా పట్టాల మీదా రెండిటి మీదా పోయే పికప్ ట్రక్కులు వచ్చాయి. వాటిని హై-రైల్ అంటారు. గేటు దగ్గరికి రోడ్డు మీదుగా వచ్చి, ముందూ వెనకా ఉన్న చిన్న ఇనుప చక్రాలు దించుకుని పట్టాలెక్కేస్తాయి. రైలు వస్తుందంటే తర్వాతి గేటు దగ్గర దిగిపోతాయి. ఎత్తడాలు లేవు, వానకి తడవడం లేదు, లోపల హీటర్ ఉంటుంది. పనిచేసే మనిషి వైపు నుంచి చూస్తే అది మేలే. దాంతో ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల్లో పాత మోటార్ కార్లని పాత ఇనుము లెక్కన అమ్మేశారు. కొన్నిటిని రైల్వే ఉద్యోగులే జ్ఞాపకంగా కొనుక్కున్నారు. అలా ఈ హాబీ మొదలైంది.

పట్టాలు ఎవరివి? ఎవరి పర్మిషన్‌తో నడుపుతారు?

ఈ మొత్తం పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

బండి మనది, పట్టాలు మనవి కావు. ప్రతి ట్రిప్పుకీ ఆ లైను సొంతదారుతో ముందుగా ఒప్పందం ఉంటుంది. అది చిన్న సరుకు రవాణా రైల్వే కావచ్చు, టూరిస్టు రైల్వే కావచ్చు. ఏ రోజు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని బండ్లు, ఎంత వేగం అన్నీ ముందే ఖాయం అవుతాయి. ట్రిప్పు నడిపించే బాధ్యుడు ఒకరుంటారు. చాలాసార్లు రైల్వే మనిషి కూడా హై-రైల్ ట్రక్కులో ముందు వెళతాడు. మా బండ్లు ఇరవై ఉన్నా ముప్ఫై ఉన్నా, రైల్వే లెక్కలో మేమంతా కలిసి ఒకే రైలు. మేం ఆ లైనులో ఉన్నంతసేపూ ఇంకో రైలుని అటు వదలరు.

ఒకరి ఇంటికి భోజనానికి వెళ్లినప్పుడు ఎలా ఉంటామో అక్కడా అలాగే ఉండాలి. ఒక్కరు అతిగా ప్రవర్తించినా మరుసటి ఏడాది ఆ లైను అందరికీ మూసుకుపోతుంది. తాగి వచ్చినవాణ్ణి, వేగం ఆపుకోలేనివాణ్ణి ట్రిప్పు మధ్యలోనే దింపేయడం నేను చూశాను. అది కరెక్టే అనిపించింది.

ఊరి బయట గడ్డి మొలిచిన పాత లైను ఉంది, ఏళ్లుగా రైలు రాలేదు. అక్కడ నడుపుకోవచ్చా?

వద్దు. రైలు రాకపోయినా ఆ లైనుకి సొంతదారు ఉంటాడు. పర్మిషన్ లేకుండా ఎక్కితే అది అక్రమ ప్రవేశమే. పైగా మీరు చనిపోయిందనుకున్న లైను మీదకి ఏడాదికోసారి ఖాళీ వ్యాగన్లు దాచుకోడానికి ఇంజన్ రావచ్చు. వంతెన మీద స్లీపర్లు కుళ్లిపోయి ఉండొచ్చు. అలాంటి వీడియోలు చూసి ఉత్సాహపడి నాకు ఫోన్ చేసిన కుర్రాళ్లకి ప్రతిసారీ ఇదే చెబుతున్నాను.

నార్కోవా అంటే ఏమిటి? తప్పనిసరిగా చేరాలా?

ఉత్తర అమెరికాలో ఈ బండ్లు నడిపేవాళ్ల సంఘం అది, 1980లో ఏర్పడింది. లాభాపేక్ష లేనిది. మీ సరదాకి బండి కొని గ్యారేజీలో పెట్టుకోడానికి సంఘం అక్కర్లేదు. సంఘం ట్రిప్పుల్లో నడపాలంటే మాత్రం కావాలి. సభ్యత్వం తీసుకుని, నిబంధనల పుస్తకం చదివి పరీక్ష రాయాలి. తర్వాత అనుభవం ఉన్న సభ్యుడు ఒకరు పక్కన కూర్చుని మీచేత నడిపించి, చేతి సైగలు, గేట్ల దగ్గర పద్ధతి, బ్రేకు వాడకం అన్నీ చూస్తాడు. ఆయన సరేనన్నాకే మీరు సొంతంగా నడపగలరు. ఇన్సూరెన్స్ కూడా ఉండి తీరాలి. ఈ ఇన్సూరెన్స్ లేకపోతే ఏ రైల్వే యజమానీ మమ్మల్ని గడప కూడా తొక్కనివ్వడు.

పరీక్ష కష్టమా అంటే, కాదు. కానీ పుస్తకం నిజంగా చదవాలి. నన్ను చూసిన మెంటర్ రిటైర్డ్ రైల్వే ఉద్యోగి. రెండు రోజులు పెద్దగా ఏమీ మాట్లాడలేదు. మూడుసార్లు మాత్రం "అద్దంలో చూడు, వెనక బండి ఉందా?" అన్నాడు. ఇప్పుడు నేను కొత్తవాళ్లకి అదే అంటున్నాను.

సిగ్నళ్లకి ఈ బండి కనపడదంటారు. నిజమేనా?

నిజమే. రైలు ఎక్కడుందో తెలుసుకోవడానికి పట్టాల్లో కొద్దిపాటి కరెంటు పంపుతారు. రైలు వచ్చినప్పుడు దాని ఇరుసు ఈ పట్టానీ ఆ పట్టానీ కలిపేస్తుంది, దాంతో సిగ్నల్ ఎర్రబడుతుంది, గేటు పడుతుంది. మోటార్ కార్ చక్రాల్లో మాత్రం కరెంటు దాటకుండా ఇన్సులేషన్ పెడతారు. రోజంతా లైను మీద పనిచేసే బండి వల్ల సిగ్నళ్లు ఎర్రబడి రైళ్లు ఆగకూడదని అప్పట్లో అలా చేశారు.

అంటే ఏ సిగ్నలూ మనల్ని కాపాడదు. మనల్ని కాపాడేది నోటిమాట, రాతలో ఉన్న పర్మిషన్, మన కళ్లు మాత్రమే. ఇన్సులేషన్ పాడైతే ఇంకో తలనొప్పి. ఎక్కడో గేటు అనవసరంగా దిగిపోవచ్చు. అందుకే ప్రతి సీజన్ మొదట్లో మీటర్ పెట్టి ఒకే ఇరుసు మీదున్న రెండు చక్రాల మధ్య కరెంటు పోతోందా అని చూసుకుంటాను. అయిదు నిమిషాల పని.

మరి గేట్ల దగ్గర ఎలా?

రోడ్డు మీది వాహనాలదే ముందు హక్కు అనుకుని వెళ్లాలి. కారు నడిపేవాడికి గంట మోగదు, లైటు వెలగదు, గేటు పడదు. వాడు మనల్ని చూడడనే అనుకోవాలి. ముందు బండి ఆగుతుంది, ఒకరు ఎర్ర జెండా పట్టుకుని రోడ్డు మీదకి దిగి ట్రాఫిక్ ఆపుతారు, అప్పుడు మిగతా బండ్లు దగ్గర దగ్గరగా దాటుతాయి. ప్రతి డ్రైవరూ చెయ్యెత్తి వెనకవాడికి 'ఆగుతున్నాను' అని సైగ చేస్తాడు. ఆ సైగ బండి నుంచి బండికి చివరిదాకా పోతుంది. చిన్న మట్టిరోడ్డు అయినా సరే ఇదే పద్ధతి. ఈ హాబీలో నాకు ఇప్పటికీ టెన్షన్ పెట్టేది గేట్లే. వంతెనలు కావు, సొరంగాలు కావు.

మొదటిసారి కొనేవాళ్లు ఏ మోడల్ తీసుకోవాలి?

ఫెయిర్‌మాంట్‌లో ఎం-19 అనేది చిన్నది, తేలిక. ఒంటి సిలిండర్ టూ-స్ట్రోక్ ఇంజన్, బెల్టుతో నడుస్తుంది. ఇద్దరికి బాగా సరిపోతుంది. ఎంటీ-14, ఎంటీ-19 అనేవి తర్వాతి కాలం బండ్లు. వీటిలో చాలావాటికి రెండు సిలిండర్ల ఓనన్ ఇంజన్ ఉంటుంది, బెల్టు బదులు క్లచ్చీ గేర్లూ ఉంటాయి. బరువు అర టన్ను ప్రాంతం. ఎ-సిరీస్ అనేవి పనివాళ్ల గ్యాంగు మొత్తం ఎక్కే పెద్ద బండ్లు, వాటి జోలికి మొదటే పోవద్దు. ట్రైలర్ నుంచి దించడానికే నలుగురు కావాలి.

ఇంజన్లతో అలవాటు లేనివాళ్లకి నా సలహా ఎంటీ-14 లేదా ఎంటీ-19. విడిభాగాలు దొరుకుతాయి, సెల్ఫ్ స్టార్ట్ ఉంటుంది, వానలో కూడా విసిగించవు. కానీ మనసు లాగితే ఎం-19 తీసుకోండి. నాది ఎం-19. మా వీధిలో ఎవరి బైకు చప్పుడూ అంత బాగుండదు.

కొనేముందు ఏం చూడాలి?

చక్రాలు ముందు చూడండి. అంచు పలచబడి కత్తిలా అయిందంటే పాయింట్ల దగ్గర (ఒక లైను రెండుగా చీలే చోట) పట్టాలు తప్పుతుంది. బోల్టుల చుట్టూ సన్నని పగుళ్లు ఉన్నాయేమో టార్చి వేసి చూడాలి. రెండు చక్రాల మధ్య దూరం కొలవాలి. ఇరుసు బేరింగులు చేత్తో కదిపి చూడాలి. బ్రేకు నాలుగు చక్రాలకీ సమానంగా పడుతోందో లేదో చూడాలి.

టూ-స్ట్రోక్ ఫెయిర్‌మాంట్ అయితే నీళ్ల తొట్టిని మాత్రం వదలొద్దు. ఈ ఇంజన్‌కి రేడియేటర్ ఉండదు. సిలిండర్ చుట్టూ పైన తెరిచి ఉన్న తొట్టిలో నీళ్లు పోస్తాం, అవి మరిగి ఆవిరై పోతుంటాయి, మళ్లీ పోస్తాం. చలికాలం ముందు నీళ్లు తీసేయడం ఎవరైనా మర్చిపోతే గడ్డకట్టి పోతపోసిన ఇనుము పగిలిపోతుంది. నేను మొదటి బండి కొన్నప్పుడు ఇదే జరిగింది. అమ్మినాయన పగులు మీద పుట్టీ రాసి, పైన కొత్త పెయింట్ వేసి, "వింటర్‌లో లోపలే ఉంచానండీ" అన్నాడు. ఇంటికొచ్చి నీళ్లు పోసి అరగంట నడిపాక పెయింట్ బుడగలు కట్టి, చెమట పట్టినట్టు నీళ్లు కారడం మొదలైంది. వేరే సిలిండర్ దొరికేదాకా ఎనిమిది నెలలు ఆ బండి గ్యారేజీలోనే ఉంది. కాబట్టి అమ్మేవాళ్ల దగ్గరే నీళ్లు పోయించండి, ఇంజన్ వేడెక్కేదాకా నడిపించండి, తెల్ల గుడ్డతో కింద తుడిచి చూడండి. కొత్త పెయింట్ కనిపిస్తే ఇంకా ఎక్కువ అనుమానించండి.

స్టార్ట్ చేయడం కష్టమా?

ఓనన్ ఇంజన్ అయితే తాళం తిప్పినంతే. పాత టూ-స్ట్రోక్ అయితే అదొక పూజ. పెట్రోల్లో ఆయిల్ మాన్యువల్‌లో చెప్పిన పాళ్లలో కలిపి ఉండాలి. సిలిండర్ మీది చిన్న కాక్ (కుళాయి లాంటిది) తెరిచి ఒత్తిడి తగ్గిస్తాం. నిప్పురవ్వ ఎప్పుడు పడాలో చెప్పే టైమర్ లివర్ వెనక్కి పెడతాం. క్రాంకు తిప్పుతాం, లేదా బెల్టు బిగించి బండిని నాలుగడుగులు తోస్తాం. మొదట దగ్గినట్టు ఒకటి, తర్వాత రెండు, తర్వాత వరస. అప్పుడు కాక్ మూసి లివర్ ముందుకి జరుపుతాం. బెల్టు బిగించే లివరే క్లచ్. మెల్లగా లాగితే బండి కదులుతుంది, గట్టిగా లాగితే బెల్టు కీచుమంటుంది.

ఈ ఇంజన్‌లో నాకు ఎంతో నచ్చే విషయం ఒకటుంది. దానికి ముందూ వెనకా తేడా లేదు. ఎటు తిప్పి స్టార్ట్ చేస్తే అటే తిరుగుతుంది. రివర్స్ గేరు అవసరమే లేదు. ఇంత తక్కువ సామానుతో అంత పని చేయించిన ఆ కాలపు మెకానిక్కులకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

బ్రేకులు ఎలా ఉంటాయి?

ఇనుము మీద ఇనుము. కారులా అనుకుంటే ప్రమాదం. పొడి పట్టా మీద ఫరవాలేదు. పొద్దున మంచు తడి ఉన్నా, రాలిన ఆకులు ఉన్నా బండి సబ్బు మీద జారినట్టు పోతుంది. లైను మీదకి వాలిన పచ్చి గడ్డి చక్రాల కింద నలిగినప్పుడు వచ్చే రసం వానకన్నా చెడ్డది. అందుకే ముందు బండికి చాలా దూరం వదలాలి, దిగుడులో ఇంకా ఎక్కువ వదలాలి. ఆగినప్పుడు వెనకవాడు ఆగేదాకా మన చెయ్యి దించకూడదు.

ఎంత స్పీడు? రోజుకి ఎంత దూరం?

చాలా ట్రిప్పుల్లో గంటకి 20 నుంచి 25 మైళ్లు. పాయింట్ల మీద నడక వేగం. రోజుకి 50 నుంచి 100 మైళ్ల దాకా వెళతాం. వినడానికి తక్కువే. కానీ కంకరకి అంత దగ్గరగా కూర్చుంటే 20 మైళ్లు కూడా గాలిలా అనిపిస్తుంది.

పట్టాలు తప్పుతుందా?

తప్పుతుంది. బండి తేలిక కదా, చిన్న అడ్డంకికే చక్రం ఎక్కేస్తుంది. నాకు ఒక్కసారి జరిగింది. మట్టిరోడ్డు గేటు దగ్గర పట్టా పక్కన చక్రం అంచు దూరే గాడి ఉంటుంది, దాన్నిండా లారీలు తొక్కిన కంకర గట్టిపడి ఉంది. నేను మెల్లగానే వెళుతున్నాను. ముందు కుడి చక్రం టక్కున ఎక్కి, బండి రోడ్డు మీద అడ్డంగా కూర్చుంది. ఎవరికీ ఏమీ కాలేదు. నలుగురొచ్చి పిడులు లాగి ఎత్తి మళ్లీ పట్టాల మీద పెట్టారు, పది నిమిషాలు. అప్పట్నుంచి నా పనిముట్ల పెట్టెలో చిన్న గడ్డపార ఒకటి ఉంటుంది. అనుమానంగా ఉన్న గేటు దగ్గర దిగి గాడి గీకుతాను, వెనకవాళ్లు ఎంత తొందరపడినా సరే.

లైను చివరికి వెళ్లాక బండి ఎలా తిప్పుతారు?

చాలా బండ్ల కింద మధ్యలో జాకీ లాంటిది కట్టి ఉంటుంది. దాన్ని స్లీపర్ల మీదకి దించి ఎత్తితే చక్రాలు పట్టాల మీద నుంచి లేస్తాయి. అప్పుడు బండిని ఒంటిచేత్తో గిర్రున తిప్పి మళ్లీ దించడమే. మా అమ్మాయికి ఆరేళ్లప్పుడు ఆ పని తనే చేస్తానని పేచీ పెట్టేది. బరువు సరిగ్గా మధ్యలో ఉంటే నిజంగానే ఆరేళ్ల పిల్ల తిప్పగలదు.

ఖర్చు ఎంత అవుతుంది?

నడిచే స్థితిలో ఉన్న బండి కొన్ని వేల డాలర్లు. పాడైపోయింది ఇంకా తక్కువకి వస్తుంది, కానీ ఆ మిగిలిన డబ్బు విడిభాగాలకే పోతుంది. దాన్ని లాగడానికి పట్టాలు బిగించిన ట్రైలర్, ట్రైలర్ లాగగలిగే వాహనం కావాలి. సభ్యత్వం, ఇన్సూరెన్స్, ప్రతి ట్రిప్పుకీ రైల్వేకి కట్టే ఫీజు, దూరం వెళితే హోటల్. పెట్రోలు ఖర్చు లెక్కలోకి రాదు.

పిల్లల్ని, పెద్దవాళ్లని తీసుకెళ్లొచ్చా?

ఆ ట్రిప్పు నిబంధనలు ఏం చెబితే అది. తీసుకెళ్లినప్పుడు చెవులకి మఫ్లు, కళ్లకి అద్దాలు తప్పనిసరి అనుకోండి. చేతులూ కాళ్లూ బయట పెట్టకూడదు. చీర, చున్నీ, పొడవాటి జడ బెల్టు దగ్గరికి రానివ్వకండి. ఇది మాత్రం నేను ప్రతి తెలుగు కుటుంబానికీ రెండుసార్లు చెబుతాను.

ఇండియాలో ఈ హాబీ మొదలుపెట్టొచ్చా?

ఇప్పుడున్న పరిస్థితిలో లేదు. మన లైన్లు రైళ్లతో నిండి ఉంటాయి. పర్మిషన్ లేకుండా పట్టాల మీదకి వెళ్లడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం నేరం, ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పైగా ఇక్కడి బండి అక్కడికి తీసుకెళ్లినా పట్టాలెక్కదు. అమెరికా గేజ్ 1435 మిల్లీమీటర్లు, మన బ్రాడ్ గేజ్ 1676. ఒక జానెడు తేడా.

చిన్న బండిలో పట్టాల మీద వెళ్లే ఆనందం మాత్రం కావాలంటే కాల్కా–సిమ్లా లైను చూడండి. 96 కిలోమీటర్ల ఆ కొండదారిలో బస్సు ముఖంలా ఉండే రైల్ మోటార్ కార్లు పాత కాలం నుంచీ ఉన్నాయి.

బండి కొనకుండా రుచి చూడొచ్చా?

చూడొచ్చు, అదే ముందు చేయమంటాను. అమెరికాలో కొన్ని టూరిస్టు రైల్వేలు పెడల్ తొక్కే రైల్ బైకులు అద్దెకిస్తున్నాయి. ఫ్రాన్స్‌లో, జర్మనీలో, స్వీడన్‌లో రైళ్లు ఆగిపోయిన లైన్ల మీద ఇలాంటివి చాలా ఉన్నాయి. దక్షిణ కొరియాలో జంగ్‌సన్ రైల్ బైకు బాగా పేరున్నది.

అంత దూరం వెళ్లి, అంత మెల్లగా పోతే ఏం కనిపిస్తుంది?

పట్టాలు కనిపిస్తాయి. రైల్లో కూర్చున్నవాడికి కనిపించనిది అదే. ఏ జాయింటు కుంగిందో నడుముకి తెలుస్తుంది. ఏ వంపులో బయటి పట్టా ఎంత ఎత్తు పెట్టారో ఒళ్లు ఒరిగినప్పుడు తెలుస్తుంది. నదుల ఒడ్లు, ఊళ్ల వెనక భాగం, ఫ్యాక్టరీల వెనక గోడలు కనిపిస్తాయి. రోడ్డు ఎప్పుడూ పోని చోట్లకి లైను పోతుంది. ఒకసారి పొగమంచులో జింకల గుంపు మా ముందు లైను మీద నిలబడి ఉంది. ఇంజన్ ఆపి అందరం అలాగే కూర్చున్నాం. తొట్టిలో నీళ్లు కుతకుతమంటున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

మీ నాన్నగారు ఎప్పుడైనా ఎక్కారా?

ఎక్కారు. డెబ్బై రెండేళ్లప్పుడు మా దగ్గరికి వచ్చినప్పుడు ఒక చిన్న లైను మీద ట్రిప్పుకి తీసుకెళ్లాను. బండి దగ్గరికి రాగానే ఆయన మొదట అడిగింది, "ఎర్ర జెండా ఏదిరా?" అని. చూపించాను. మడత విప్పి, చిరుగులున్నాయేమో వెలుతురులో పెట్టి చూసి, కర్రకి సరిగ్గా కట్టారు. అప్పుడు ఎక్కారు. దారి పొడుగునా ఏమీ మాట్లాడలేదు, పట్టాల వంకే చూస్తున్నారు. ఒకచోట నా భుజం తట్టి వెనక్కి చూపించారు. ఆగాం. స్లీపరు పక్కన ఒక బోల్టు ఊడి కంకరలో పడి ఉంది, ఫిష్‌ప్లేట్ (రెండు పట్టాలని కలిపే ఇనుప పలక) వదులైంది. మా ముందు పన్నెండు బండ్లు వెళ్లాయి, ఎవరూ చూడలేదు. ట్రిప్పు బాధ్యుడు మైలురాయి నంబరు రాసుకుని రైల్వేవాళ్లకి చెప్పాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ ఆయన చుట్టూ చేరారు. పట్టా మీద ఎలా పరుగెత్తేవారో చూపించమన్నారు. వద్దన్నాను. ఆయన చెప్పులు విప్పి పక్కన పెట్టి, పట్టా ఎక్కి, ఎటూ చూడకుండా ఇరవై అడుగులు నడిచి దిగారు.

మొదటిసారి ట్రిప్పుకి వచ్చేవాళ్లు ఏం తెచ్చుకోవాలి?

మందపాటి అరికాళ్లున్న బూట్లు, చలికోటు (ఎండాకాలమైనా సరే, పొద్దున గాలి కొరుకుతుంది), చేతి గ్లవ్స్, టోపీకి గడ్డం కింద కట్టుకునే తాడు, నీళ్లు, తినడానికి ఏదైనా. మేమైతే పులిహోర తీసుకెళతాం, రోజంతా పాడవదు, చల్లారినా బాగుంటుంది. మీరు ఎక్కింది వేరేవాళ్ల బండి అయితే మధ్యలో ఒక స్టాపులో నీళ్ల క్యాన్ మోసి పెట్టండి, సంతోషిస్తారు. లైను దాటేటప్పుడు పట్టా తల మీద కాలు పెట్టొద్దు, జారుతుంది. పట్టాని దాటి అవతల కంకర మీద అడుగు వేయండి.